గడియారాల్లో దాక్కున్న ప్రధాన సంఖ్య
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

లెక్కల మాస్టార్లు ముందు వరుసలోనే కూర్చున్నారు కనుక, ఒక సంఖ్య గురించి చెప్పి కూర్చుంటాను.

2,14,74,83,647. రెండు ఘాతం ముప్ఫై ఒకటిలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ఇది. ప్రధాన సంఖ్య. ఆ సంగతి 1772 నాటికే ఆయిలర్ తేల్చాడు, అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే దీని వర్గమూలం దాకా, అంటే 46,340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. నాలుగు వేలకు పైగా భాగహారాలు! ఆయన ముందు ఆలోచించాడు. దీనికి ప్రధాన కారణాంకం అంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. ఆ ఒక్క షరతుతో పని నాలుగు వందల భాగహారాల లోపుకు దిగింది. ఏదీ నిశ్శేషంగా పోలేదు.

ఇలాంటివాటిని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వరుసలో ఇది ఎనిమిదవది. దీన్ని రెండు ఘాతం ముప్ఫైతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. 6కు 1, 2, 3 కలిపితే 6 వచ్చినట్టు, దాని కారణాంకాలు కలిపినా (దాన్ని వదిలేసి) అదే వస్తుంది. ఇంతకు మించిన పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోబోరని 1811లో బార్లో అనే ఇంగ్లీషు గణితవేత్త రాశాడు. అవి వింతే తప్ప ఉపయోగం లేనివని ఆయన ఉద్దేశం.

మా వృత్తిలోకి ఈ సంఖ్య వేరే దారిన వచ్చింది. కంప్యూటర్ 32 బిట్లలో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకు పోతే, మిగిలిన 31లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. అది ప్రధాన సంఖ్యో కాదో యంత్రానికి అక్కర్లేదు. ఒకటి కలిపితే మాత్రం మైనస్‌లోకి పోతుంది. బోయింగ్ 787 విమానాలను 248 రోజులు ఆపకుండా కరెంటులో ఉంచితే జనరేటర్ల నియంత్రణ ఆగిపోవచ్చని 2015లో అమెరికా విమానయాన అధికారులు హెచ్చరించారు. సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెడితే ఈ సంఖ్య నిండేది అన్ని రోజులకే. (ఆయిలర్ 248కీ దీనికీ చుట్టరికం లేదు!)

చాలా పాత యంత్రాలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతున్నాయి. ఆ లెక్క 2038 జనవరి 19న, మన టైము ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. మరుక్షణం వాటికి అది 1901 డిసెంబరు. కొత్త ఫోన్లు, కంప్యూటర్లలో 64 బిట్ల లెక్క వచ్చేసింది, వాటితో బెంగలేదు. నా భయం గోడకు బిగించి మరచిపోయిన పెట్టెలతో. మా ప్లాంటులో పాత కంట్రోలర్లకు తేదీ ముందుకు జరిపి చూశాం. ఒకటి 1901కి వెళ్ళింది. ఇంకొకటి తెర నల్లబడి అలాగే ఉండిపోయింది.

2038 నాటికి మా బ్యాచ్ అంతా రిటైరై ఉంటాం. మనలో ఆసుపత్రులు, మిల్లులు, నీటి పథకాలు నడిపేవారు చాలామందే ఉన్నారు. ఊరికి వెళ్ళాక, మీ దగ్గరున్న పాత యంత్రం ఒక్కదానికైనా, అది పనిలో లేని వేళ చూసి, 2038 జనవరి 20 తేదీ పెట్టించి చూడండి. ఏమైందో మన వాట్సాప్ గ్రూపులో రాయండి.