లేఖకుని దోషము గాదు



తాళపత్రములు వ్రాసిన కాలమున లేఖకునకు 'మ' 'య'లకును, 'ధ' 'థ'లకును భ్రాంతి కలుగుట సహజము. ఒక ప్రతిలో దొరలిన తప్పు, దానిని చూచి వ్రాసిన ప్రతులన్నింటను నిలిచిపోవును. పండితులు దీనిని లేఖకప్రమాద మందురు. మన దేహమునందును ఇట్టి లేఖనము నిత్యము జరుగుచున్నది. అయితే అచ్చట లేఖకుడు నిర్దోషియై యున్నను తప్పు దొరలవచ్చును. ఆ వింతనే నేడు విన్నవించెదను.

మన జీవకణములందు డీఎన్ఏ యను గ్రంథము కలదు. తల్లి యిచ్చినది యొక ప్రతి, తండ్రి యిచ్చినది యొక ప్రతి. ఒక్కొక్క దానిలో సుమారు 300 కోట్ల అక్షరములు. అక్షరజాతులు మాత్రము నాలుగే: అడెనీను, థైమీను, గ్వానీను, సైటోసీను. ఈ గ్రంథము రెండు పేటల త్రాడువంటిది. ఒక పేటలో అడెనీను ఉన్నచోట రెండవ పేటలో థైమీను, గ్వానీను ఉన్నచోట సైటోసీను ఉండును. కణము రెండగునపుడు పేటలు విడిపోవును. ఒక్కొక్క పేటను చూచి క్రొత్త జతపేట వ్రాయబడును.

అక్షరములు తమ జతను గుర్తించుటకు ఉదజని పరమాణువులే ఆనవాళ్లు. మిక్కిలి అరుదుగా అట్టి పరమాణు వొకటి తన చోటు విడిచి ప్రక్కకు జరుగును. అపుడు సైటోసీను థైమీను వేషము దాల్చినట్లయి, గ్వానీనునకు బదులు అడెనీనుతో జతపడును. రెప్పపాటుకన్న ఎంతో ముందే అది నిజరూపమునకు వచ్చును. కాని వ్రాత ముగిసిపోయినది. మఱుసటి ప్రతిలో ఆ అడెనీను తనకు తగిన థైమీనును తెచ్చుకొనును. సైటోసీను ఉండవలసిన చోట థైమీను స్థిరపడును.

1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు దీని నూహించిరి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు 2011లో, అడెనీను సైటోసీనులు సరియైన జతవలెనే ప్రతివ్రాయు ఎంజైములో అమరియుండుటను స్ఫటికములందు చూపిరి. ఎండ, ఎక్స్‌కిరణములు, రసాయనములు, కణములోని నీరు సైతము అక్షరములను చెఱుపగలవు. ఇవేవియు తాకకున్నను, అక్షరముయొక్క స్వభావముచేతనే తప్పు పుట్టగలదనుట ఇందలి విశేషము.

కణమునందు తప్పులు దిద్దు పరిష్కర్తలు కలరు. వారి కన్ను దాటి మిగులునది సుమారు 100 కోట్ల అక్షరములకు ఒక తప్పు. అయినను పుట్టిన ప్రతి బిడ్డయందును తల్లిదండ్రులకు లేని మార్పులు అఱువది వఱకు ఉండును. వానిలో పెక్కు హానిలేనివి. చేనిలో వేఱు గుణముగల వెన్ను పుట్టుటకును ఇట్టి మార్పులే మూలము.

ఒక్కొక్కప్పుడు ఒక్క అక్షరమే జీవితమును మార్చును. కుఱుచ కాలుసేతులతో బిడ్డ పుట్టు అకాండ్రోప్లేసియాకు కారణమైన జన్యువును 1994లో గుర్తించిరి. ప్రాయికముగా అందు గ్వానీను స్థానమున అడెనీను చేరియుండును. అట్టి బిడ్డలు నూటికి సుమారు 80 మంది సామాన్యమైన ఎత్తుగల తల్లిదండ్రులకే జన్మించుచున్నారు. మన పల్లెలలో ఏమందురు? కోడలు గ్రహణమునాడు కత్తిపీట ముట్టినదందురు, ఆమె కాలు మంచిది కాదందురు. పరీక్షించి చూడగా, క్రొత్తగా వచ్చిన ఆ మార్పు దాదాపు ఎల్లప్పుడును తండ్రి బీజమునుండి వచ్చినదని తేలినది. అంతమాత్రమున తండ్రియు దోషి కాడు. లేఖనము జరుగుచోట తప్పు దొరలుట ప్రకృతిధర్మము.

నేను నివసించు మధురానగరమునకు చేరువనే, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రియందు వైద్య జన్యుశాస్త్ర విభాగము కలదు. అట్టి బిడ్డ కలిగిన యింటివారిని ఇట్టి నిపుణులకడకు పంపుడు. పెద్దలారా, పల్లెలో మీ మాటకు విలువ కలదు. ఆ తల్లిని నిందించు నోటిని మీ మాటతో ఆపుడు.