గుండె సడలే వేళ: మధుమేహం, హృదయ కండరం
(ఆలయ ప్రాంగణంలో ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



అలంపురంలో జోగులాంబ అమ్మవారిని దర్శించి, శ్రీరంగాపురంలో రంగనాయకస్వామిని సేవించి, ఉమామహేశ్వరం కొండకు చేరుకునే యాత్రికులు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సీమలలో ఎందరో ఉన్నారు. మెట్లెక్కేటప్పుడు ఆయాసం కలిగితే వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాము. చక్కెర వ్యాధి ఉన్నవారి విషయంలో ఆ సరిపెట్టుకోవడం ప్రమాదకరం కావచ్చు. ఆ సంగతి విన్నవించడానికే ఈ నాలుగు మాటలు.

చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్న ఒక పెద్దమ్మ నాతో, "నొప్పేం లేదు బిడ్డా, రెండు మెట్లెక్కితే దమ్మొస్తది, గంతే" అన్నది. పరీక్షించగా రక్తనాళాలలో అడ్డంకులు లేవు. గుండె చక్కగానే ముడుచుకుంటున్నది. సడలడంలోనే లోపం ఉన్నది.

గుండె రోజుకు సుమారు లక్ష సార్లు స్పందిస్తుంది. ముడుచుకొని రక్తాన్ని పంపుతుంది, సడలి రక్తాన్ని నింపుకుంటుంది. సడలడమంటే ఊరక ఉండడం కాదు, దానికీ శక్తి వ్యయమవుతుంది. ఆ శక్తినిచ్చే పదార్థం ఏటీపీ. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని లోకానికి తెలిపారు. ఏటీపీ చేతిలోని రొక్కమైతే, ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలో దాచిన పైకం. మధుమేహుల గుండెలో ఏటీపీతో పోల్చినప్పుడు ఈ దాచిన పైకం తగ్గి ఉంటున్నదని తరువాతి పరిశోధనలు చూపాయి.

ఎందుకు తగ్గుతుంది? గుండె కణం ప్రధానంగా కొవ్వును, కొంత చక్కెరను ఇంధనంగా వాడుకుంటుంది. ఇన్సులిన్ ఆజ్ఞతో చక్కెరకు కణద్వారాలు తెరుచుకుంటాయి. మధుమేహంలో ఇన్సులిన్ చాలదు, లేదా దాని ఆజ్ఞ కణానికి సరిగా వినబడదు. సత్రం ముంగిట బియ్యపు బస్తాలు నిండుగా ఉన్నా, తలుపు తెరుచుకోక లోపలివారు పస్తులున్నట్లవుతుంది. అప్పుడు కణం కొవ్వు మీదనే మరింత ఆధారపడుతుంది. అంతే శక్తికి ఎక్కువ ప్రాణవాయువు ఖర్చవుతుంది. దహనం కాని కొవ్వు కణంలో పేరుకుంటుంది. శక్తిని వండే పొయ్యిల వంటి మైటోకాండ్రియాలు, తమలో పుట్టిన హానికర పదార్థాల చేతనే దెబ్బతింటాయి.

కణంలోకి కాల్షియం విడుదలైనప్పుడు కండరం ముడుచుకుంటుంది. ఆ కాల్షియాన్ని తిరిగి దాని కొట్టులోకి తోడిపోసినప్పుడు సడలుతుంది. తోడే పనికి ఏటీపీ కావాలి. మధుమేహంలో ఆ పని మందగిస్తుంది. దీనికి తోడు, రక్తంలో మిగిలిన చక్కెర కణాల నడుమనున్న కొల్లాజెన్ పోగులను ఒకదానికొకటి అతికిస్తుంది. క్రమంగా గుండె గోడ బిరుసెక్కుతుంది. గుండెలోకి సులువుగా నిండలేని రక్తం వల్ల ఊపిరితిత్తులలో ఒత్తిడి పెరుగుతుంది. అదే ఆయాసం.

రక్తనాళాలలో అడ్డంకులు లేని మధుమేహులలోనూ హృదయ వైఫల్యం కలుగుతున్నదని 1972లో అమెరికాలో రూబ్లర్ బృందం నలుగురు రోగులను పరిశీలించి తెలిపింది. 1974లో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం, మధుమేహం గల పురుషులలో హృదయ వైఫల్యం రెండు రెట్లకు పైగా, స్త్రీలలో సుమారు ఐదు రెట్లు అధికమని వెల్లడించింది. నాడులు మొద్దుబారిన మధుమేహులకు గుండెపోటు కూడా నొప్పి లేకుండా రావచ్చు. అందుచేత మన తల్లులు, అక్కచెల్లెళ్లు ఆయాసాన్ని దాచుకోరాదు.

భయపడి యాత్రలు మానుకొమ్మని నేననడం లేదు. చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచుకోండి. ఆయాసం, పాదాల వాపు, రాత్రివేళ పడుకుంటే ఊపిరాడకపోవడం ఉంటే వైద్యుని చూడండి. ఎకో పరీక్షలో గుండె ముడుచుకోవడం బాగున్నదంటే అంతటితో తృప్తిపడక, సడలడం ఎట్లున్నదో అడగండి. ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకాలనే మందులు మధుమేహులు హృదయ వైఫల్యంతో ఆసుపత్రి పాలవడాన్ని తగ్గిస్తాయని 2015 నుండి వచ్చిన అధ్యయనాలు నిరూపించాయి. అవి ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయించాలి. ఉపవాసదీక్షకు ముందు మందుల విషయమై ఆయన సలహా తప్పక తీసుకోండి. తమంతట తాము మాత్రలు, ఇన్సులిన్ మానరాదు. కొండ ఎక్కేటప్పుడు చక్కెర పడిపోతే వాడుకొనేందుకు కొంత బెల్లమో గ్లూకోజో వెంట ఉంచుకోండి.

దాతలకొక విన్నపం. అన్నదానంలో ఒక వరుసనైనా మన పాలమూరు జొన్నరొట్టెకు, పప్పుకు, ఆకుకూరకు కేటాయించండి. జొన్నయినా మితంగానే తినాలని చెప్పి వడ్డించండి. కొండ దిగువన చక్కెర, రక్తపోటు చూసే ఒక బల్ల ఏర్పాటు చేయించండి. అదీ దైవసేవయే.

భక్తులారా, మధురమైన ప్రసాదాన్ని కణికంత తీసుకొని కళ్లకద్దుకున్నా ఫలానికి లోటు లేదు. మెట్టు మెట్టుకు ఆగి ఎక్కినా స్వామి ఎదురుచూస్తాడు. ఆగినా ఆయాసం తగ్గకపోతే, ఛాతీ బరువెక్కితే, ఆనాటికి అక్కడి నుండే నమస్కరించి వెంటనే వైద్య సహాయం పొందండి.

స్వస్తి.