మింగేదెవరు?

 ఫార్మసీ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు పరిశ్రమలకు వెళ్తారు. హైదరాబాద్‌లోని కవాడిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లోని మందుల షాపుల్లో నిలబడేవాళ్లతోనే ఇవాళ నా మాట. గోళీ చేతికిచ్చే ముందు ‘మింగేదెవరు, మింగగలరా?’ అని అడగడం మీ పనిలో భాగం. పక్షవాతం వచ్చిన పెద్దాయనకు ముక్కు గొట్టంలోంచి ఆహారం పోసే ఇంట్లో, గోళీని రెండు చెంచాల మధ్య నలిపి నీళ్లలో కలపడం రోజూ జరిగేదే. అది మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ అయితే, లోపలి పాలిమర్ కడుపులో జిగురులా ఉబ్బి మందును గంటల తరబడి కొద్దికొద్దిగా వదలాలి. నలిపితే రోజంతటి మోతాదు ఒక్కసారే దిగుతుంది. బీపీ మందుల్లో ఇది ప్రాణాల మీదికి రావచ్చు. దీర్ఘకాలం పనిచేసే నిఫెడిపిన్‌ను నలిపి, లాబెటలాల్‌తో కలిపి గొట్టంలో ఇచ్చాక రోగి చనిపోయిన కేసు 2003లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది.

‘ఏళ్లుగా నలిపే ఇస్తున్నాం, ఏమీ కాలేదు’ అంటారు. కాలేదని ఎలా తెలిసింది? మందు వేసిన గంటకు కళ్లు తిరిగి పడితే వయసు మీద పడిందంటాం, మందు ముందే అయిపోయి తెల్లారేసరికి బీపీ పెరిగితే పచ్చడి తిన్నాడంటాం. గోళీని ఎవరూ అనుమానించరు. ‘మధ్యలో గీత ఉందిగా’ అనేది మాత్రం సబబైన ప్రశ్నే. సన్నటి గుళికలతో చేసిన మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్‌ను ఆ గీత దగ్గర సగం చేయొచ్చు, ఒక్కో గుళికకు దాని పొర దానికి ఉంటుంది కాబట్టి. నలిపితే ఆ పొరలే చెదురుతాయి. మింగలేనివాళ్లకు దారి లేకపోలేదు: సిరప్పో, మామూలు గోళీయో ఉండొచ్చు. కానీ మామూలు గోళీకి మారితే మోతాదూ వేళలూ మారతాయి. అందుకే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, మీరు ఊహించి ఇవ్వకూడదు.

సాయంత్రం రద్దీలో ఇదంతా కుదరదంటారు, నిజమే. ఐతే 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి వివరించి చెప్పడాన్ని మీ బాధ్యతగానే రాశాయి. అన్ని గోళీలకూ ఒకేలా అవసరం లేదు, పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్, సీఆర్ లాంటి అక్షరాలు ఉన్నవాటికి మాత్రం తప్పనిసరి. నాలుగు గోళీలు అడిగితే స్ట్రిప్‌ను కత్తెరతో కోసి ఇస్తాం కదా, ఒక్కోసారి ఆ రెండక్షరాలు మన దగ్గరి ముక్కలోనే ఉండిపోతాయి. అప్పుడు కవరు మీద పెన్నుతో ‘నలపొద్దు’ అని తెలుగులో రాసివ్వండి.