పిల్లల చూపు, ఆరుబయటి వెలుగు

పెనుగొండ ప్రాంతమున పెరుగు పిల్లలకు దూరము చూచుట ఒకరు నేర్పవలసిన విద్య కాదు. ఊరు దాటగనే వరిచేలు, చేల చివర కొబ్బరితోపులు. సిద్ధాంతము వద్ద గట్టెక్కినచో వసిష్ఠ గోదావరి. ఇట్టి చోట పుట్టియు, తరగతిలో నల్లబల్లమీది అక్షరము కానరాక, ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొను పిల్లలు కలరు. వారికి చదువురాని వారనియు, పరాకు మనుష్యులనియు పేరు వచ్చును. వారికి కొఱవడినది బుద్ధి కాదు, చూపు. ఆ హ్రస్వదృష్టిని గూర్చియే నేడు మనము ముచ్చటించుకొందము.

దగ్గరి వస్తువు తేటగాను, దూరపు వస్తువు మసకగాను కనబడుట హ్రస్వదృష్టి. బిడ్డ ఎదుగుచుండగా కనుగ్రుడ్డు కూడ ఎదుగును. అది ఉండవలసిన దానికంటె పొడవుగా సాగినచో, దూరము నుండి వచ్చు వెలుగు లోపలి రెటీనా పొరపై గాక, దానికి ముందుగనే కేంద్రీకరించును. ఒక్క మిల్లీమీటరు అదనముగా సాగినను సుమారు రెండున్నర మొదలు మూడు డయాప్టరుల దోషము కలుగును. సాగిన గ్రుడ్డు మరల పూర్వస్థితికి రాదు. కనుక మనము చేయగలిగినది, ఆ సాగుట ఆలస్యముగా మొదలగునట్లును, మొదలైన పిమ్మట మెల్లగా జరుగునట్లును చూచుట.

జోడు పెట్టించినచో సరిపోదా యని కొందరు అడుగుదురు. జోడు చూపును సరిదిద్దును గాని గ్రుడ్డును కుదింపలేదు. దోషము ఆరు డయాప్టరులు దాటిన కండ్లలో లోపలి పొర పలుచబడి, నడివయస్సున రెటీనా ఊడుట, నీటికాసులు మొదలగు వ్యాధులకు అవకాశము హెచ్చును. ఎనిమిదేండ్ల ప్రాయమున తీసికొన్న శ్రద్ధకు ఫలము నలువదియైదేండ్ల ప్రాయమున కనబడును.

ఈ విషయమున మన జిల్లాకు సంబంధించిన పరిశీలన యొకటి కలదు. హైదరాబాదులో 1987లో స్థాపితమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థవారు 1996 నుండి 2000 వరకు నాటి ఆంధ్రప్రదేశమున నేత్రవ్యాధుల సర్వే జరిపిరి. అందులకు ఎంచుకొన్న నాలుగు ప్రాంతములలో పశ్చిమ గోదావరి యొకటి. తక్కినవి హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగరు. పరీక్షింపబడినవారు 10,293 మంది. పదునైదేండ్లును, అంతకు లోపును వయస్సుగల వారిలో నూటికి సుమారు ముగ్గురికి హ్రస్వదృష్టి కానవచ్చినది. అది చేతి ఫోనులు పిల్లల చేతికి రాని కాలపు లెక్క. ఢిల్లీ ప్రాంతపు పిల్లలలో 2002లో ప్రకటితమైన పరిశీలన నూటికి ఏడుగురని తేల్చగా, పాఠశాలలలో జరిగి 2015లో వెలువడిన మరియొకటి పదుమువ్వురని తేల్చినది.

తలిదండ్రులకు ఈ దోషమున్నచో బిడ్డకు వచ్చు అవకాశము హెచ్చు, నిజమే. కాని ఒక్క తరములో రక్తము మారదు. మారినది జీవన విధానము. పుస్తకమునకును, తెరకును దగ్గరై, పగటి వెలుగునకు పిల్లలు దూరమైరి. గదిలోని వెలుతురు కొన్ని వందల లక్సులు. ఆరుబయట పగటివేళ పదివేలకు పైమాట. ఆ వెలుగు సోకినపుడు రెటీనాలో డోపమీను అను పదార్థము ఊరి, గ్రుడ్డు అతిగా సాగుటను అడ్డగించునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున పండ్రెండు పాఠశాలలలో ఒక ప్రయోగము జరిగినది. సగము బడులలో ఒకటవ తరగతి పిల్లలను దినమునకు అదనముగా నలువది నిమిషములు బయట గడపనిచ్చిరి. మూడేండ్లకు తక్కిన బడులలో నూటికి 39.5 మందికి క్రొత్తగా హ్రస్వదృష్టి రాగా, వీరిలో 30.4 మందికే వచ్చినది. ఈ ఫలితములు 2015లో వెలువడినవి. అయితే దోషము ఇదివరకే వచ్చిన పిల్లలలో బయటి వెలుగు వలని మేలు కొంత స్వల్పము. వారికి వైద్యుని సాయము కూడ కావలెను.

అట్టి సాయము నేడు కలదు. అట్రోపీను అను మందును మిక్కిలి పలుచన చేసి రాత్రివేళ కంటిలో చుక్కగా వేయుదురు. హాంకాంగులో జరిగి 2019లో వెలువడిన పరిశీలనలో మూడు పాళ్లను పోల్చగా, 0.05 శాతపు చుక్కలు హెచ్చు గుణమిచ్చినవి. వైద్యుడు చెప్పక వాడుటయు, తమంతట తాము మానుటయు తగదు. దోషము పెరుగుదలను మందగింపజేయు ప్రత్యేకపు అద్దములును వచ్చినవి. హాంకాంగులోనే అట్టి యొక రకమును రెండేండ్లు ధరించిన పిల్లలలో పెరుగుదల సుమారు సగమునకు తగ్గినది. వాని వెల సామాన్యపు అద్దములకంటె హెచ్చు.

పొన్నగంటి కూర, మునగాకు కంటికి మంచివని పెద్దలందురు. ఏ విటమిను లోపమునకు అవి మంచివే. గ్రుడ్డు సాగుటను మాత్రము ఆపలేవు. జోడు పెట్టినకొలది పవరు పెరుగునను భయమును నిరాధారము. కౌలాలంపూరులో 2002లో ప్రకటితమైన పరిశీలనలో, కావలసినదానికంటె తక్కువ పవరు ఇచ్చిన పిల్లలకే దోషము హెచ్చుగా పెరిగినది.

ఇక ఆడపిల్లకు జోడు పెట్టించినచో సంబంధములు రావను మాట. తల్లులారా, ఈ మాట వలన ఎందరు బాలికలు ముందువరుసలో కూర్చుండియు బల్ల కానక బడిలో వెనుకబడుచున్నారో యోచింపుడు. జోడు ముఖముపై కనబడును. చదువు చెడుట ముఖముపై కనబడదు. అంతమాత్రమున అది చిన్న నష్టమగునా?

చేయవలసినది కష్టమైనది కాదు. దినమునకు రెండు గంటలు పిల్లలను బయట ఆడనిండు. మన ఎండలకు వెఱచినచో ఉదయమును, సాయంతనమును చాలును. చెట్టునీడ యైనను గదికంటె వెలుగే. పుస్తకమును అడుగు దూరమున ఉంచి, అరగంట కొకసారి తలయెత్తి దూరము చూడుమనుడు. బడిలో చేర్చుటకు ముందొకసారియు, ఆ పిమ్మట ఏటేటను కంటి పరీక్ష చేయింపుడు. 2019 అక్టోబరులో ఆరంభమైన కంటివెలుగు పథకమున మొదట బడిపిల్లలకే పరీక్షలు జరిపిరి. అట్టివి జరిగినప్పుడే చూతమని ఊరకుండరాదు.

రేడియో వినుటకు కన్నులు అక్కరలేదు. దానిని అరుగుమీదికి తెచ్చుకొని వినవచ్చును. రేపు ఉదయము మీ బిడ్డను అదే అరుగుమీద నిలిపి, ఒక కన్ను మూయించి, ఎదుటి దుకాణపు బోర్డు చదివింపుడు. పిదప రెండవ కన్ను. తడబడినచో కోపపడక, ఆ వారములోనే కంటివైద్యుని కడకు కొనిపొండు.