రాట్నాలను ఆపిన ఆవిరి



బల్బు కొనేటప్పుడు "ఎన్ని వాట్లు?" అని అడుగుతాం కదా. ఆ 'వాట్' ఒక మనిషి పేరు. ఆయన జేమ్స్ వాట్. 1736లో స్కాట్లాండులో పుట్టాడు. ఆవిరి యంత్రాన్ని బాగుచేసి పేరు తెచ్చుకున్నాడు. ఆ యంత్రానికీ మన తాతమ్మల రాట్నాలకూ సంబంధం ఉంది. ఆ సంగతే ఈ రోజు చెప్పుకుందాం.

ఎసరు మరిగితే మూత ఎగిరెగిరి పడుతుంది. మూతను లేపేది ఆవిరే. ఆవిరితో పనిచేసే యంత్రాన్ని ఇంగ్లండులో న్యూకమెన్ అనే ఆయన 1712లోనే నడిపాడు. పెద్ద గొట్టంలోకి ఆవిరి పంపుతారు. చన్నీళ్లు పోస్తే ఆవిరి నీరైపోతుంది. లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు బయటి గాలి బరువుకి గొట్టంలోని బిళ్ల కిందికి దిగుతుంది. ఆ కదలికతో బొగ్గు గనుల్లో నీళ్లు తోడేవాళ్లు.

కానీ ఆ యంత్రం బొగ్గును తెగ తినేది. ఎందుకని? అట్లు పోసేటప్పుడు ఒక్కో అట్టుకూ పెనం మీద చెంబెడు చన్నీళ్లు కుమ్మరిస్తే ఏమవుతుంది? పెనం మళ్లీ కాలేసరికి మోపెడు పత్తికట్టె తగలబడిపోతుంది. అక్కడ జరిగిందీ అదే.

వాట్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసేవాడు. ఆ యంత్రం నమూనా ఒకటి ఆయన దగ్గరకి మరమ్మతుకు వచ్చింది. 1765లో ఆయనకు ఉపాయం తట్టింది. ఆవిరిని చల్లార్చటానికి వేరే పాత్ర పెట్టాడు. ఇక పెద్ద గొట్టం ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. బొగ్గు ఖర్చు నాలుగింట మూడు వంతుల దాకా తగ్గింది. బౌల్టన్ అనే వ్యాపారి పెట్టుబడి పెట్టాడు. 1776 నుంచి ఈ యంత్రాలు పనిలోకి దిగాయి. తర్వాత వాట్ చక్రాలు తిప్పే ఏర్పాటు కూడా చేశాడు.

అప్పటిదాకా ఇంగ్లండు నూలు మిల్లులు ఏటి నీటి బలంతో నడిచేవి. 1785లో పాపిల్విక్ అనే ఊళ్లో వాట్ యంత్రం నూలు మిల్లును నడిపింది. ఇక ఏరు లేకపోయినా ఫరవాలేదు, బొగ్గుంటే చాలు. మాంచెస్టర్ మిల్లుల పట్నమైంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1611లో ఇంగ్లీషువాళ్ల ఓడ నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చింది. ఎందుకు? మన బట్టలు కొనటానికి. ఆ బట్టలకు నూలు వడికింది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంటిపని చూసుకుంటూ, రాట్నం తిప్పుకుంటూ నాలుగు డబ్బులు కళ్లజూసేవాళ్లు.

వాట్ తర్వాత కథ తిరగబడింది. మిల్లు నూలు ఓడల్లో మన దేశానికి దిగింది. అది చవక. చీరాల వైపు నేతగాళ్లు కూడా మిల్లు నూలే కొనసాగారు. రాట్నాలు అటకెక్కాయి. మగ్గం ఎలాగో నిలిచింది గానీ, వడికే ఆడవాళ్ల సంపాదన పోయింది. మన రేగడి నేలల పత్తి మాత్రం పత్తిగానే పరాయి దేశాలకు పోయింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో యుద్ధం జరిగింది. అక్కడి పత్తి రాక ఇంగ్లండు మిల్లులు అల్లాడాయి. అప్పుడు మన పత్తికి ధర పెరిగింది. యుద్ధం ఆగగానే ధర పడిపోయింది. తర్వాతివాళ్లు ఆవిరి యంత్రాన్ని పట్టాలెక్కించారు. 1899 నాటికి బెజవాడ నుంచి చీరాల, ఒంగోలు మీదుగా మద్రాసుకు రైలు దారి పడింది.

మరి యంత్రం చెడ్డదా? కాదు. బండెడు పత్తికి చేత్తో గింజ తీయమంటే మన వేళ్లు ఏం కావాలి? జిన్నింగు మిల్లు ఆ శ్రమ తప్పించింది. అయితే శ్రమ తగ్గితే లాభం ఎవరికి? అదీ అడగాల్సిన మాట. ఇంగ్లండు మిల్లుల్లో పసిపిల్లలు కూడా పొద్దస్తమానం పనిచేశారు. కూలీలు పోరాడారు. 1847లో ఆడవాళ్లకూ, వయసు రాని పిల్లలకూ రోజుకు 10 గంటల హద్దు పెడుతూ చట్టం వచ్చింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టింది. తిరిగే యంత్రాలకు అడ్డు కట్టాలని కూడా చెప్పింది. ఈ మేలు యంత్రం ఇచ్చింది కాదు. మనుషులు కలిసి అడిగి తెచ్చుకున్నది.

మనలో జిన్నింగు మిల్లుకు వెళ్లేవాళ్లున్నారు. నూలు మిల్లుకు వెళ్లేవాళ్లున్నారు. మీ మిల్లులో బెల్టుకు అడ్డు ఉందా? పని ఎన్ని గంటలు? ఇప్పుడు మనకు రాయటం వచ్చింది. ఎక్కిన వేళ, దిగిన వేళ రోజూ ఒక పుస్తకంలో రాసుకోండి. వారం తిరిగాక అందరూ కూర్చుని కూడి చూడండి. లెక్క 48 దాటితే, అందరూ కలిసి వెళ్లి అడగండి.