మూల తీయడంలో మెళకువ



పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతాలలో ఐటీఐ, పాలిటెక్నిక్ చదువులు ముగించి, అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు కర్మాగారాలలో డ్రాఫ్ట్స్‌మన్ పని చేయాలనుకునే యువతీయువకులు ఎందరో ఉన్నారు. వారికి పనికివచ్చే ఒక చిన్న విషయం ఈనాడు ముచ్చటిద్దాం. కంప్యూటర్‌లో గీసిన బొమ్మకు మూలను ఏటవాలుగా తీసివేయడాన్ని 'చాంఫర్' అంటారు.

అసలు మూల ఎందుకు తీయాలి? లోహపు ముక్కకు అంచు పదునుగా ఉంటే పట్టుకున్న చేయి కోసుకుపోతుంది. పదునైన అంచు చిన్న దెబ్బకే సొట్టపడుతుంది. కడ్డీ కొన వాలుగా ఉంటే రంధ్రంలోకి సులువుగా దిగుతుంది.

1982లో వెలువడిన ఆటోక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఈ పని రెండు విధాల చేయవచ్చు. మూల నుంచి రెండు గీతల మీద ఎంతెంత దూరం తీయాలో చెప్పడం ఒకటి. ఒక దూరం, ఒక కోణం చెప్పడం రెండవది. రెండు దూరాలూ వేరైతే, మీరు ముందు ఎంచుకున్న గీతకే మొదటి దూరం వర్తిస్తుంది. వరుస మారితే వాలు తారుమారవుతుంది.

ఇక్కడే మరొక జాగ్రత్త. బొమ్మ మీద '2 × 45 డిగ్రీలు' అని ఉంటే, ఆ 2 మిల్లీమీటర్లు మూల నుంచి అంచు వెంట కొలిచిన దూరం. ఏటవాలు ముఖం వెడల్పు సుమారు 2.83 మిల్లీమీటర్లు. ఈ తేడా తెలియక వాలు ముఖాన్నే 2గా కొలిస్తే, మూల తక్కువగా తెగుతుంది. అమర్చేచోట ముక్క అడ్డుపడుతుంది.

ఈ లెక్కకు మన చుట్టుపట్ల రాతిలోనే చక్కని ఉదాహరణ ఉంది. ఏడవ శతాబ్దం మొదటి భాగంలో పల్లవ మహేంద్రవర్మ విళుప్పురం వైపు మండగపట్టులో గుహాలయం తొలిపించాడు. అక్కడి స్తంభాలు అడుగున, పైన చదరంగా ఉంటాయి. నడుమ మూలలు తీసి ఎనిమిది పలకలుగా ఉంటాయి. అటువంటి స్తంభం అడ్డుకోత మీరు గీయాలనుకోండి. 24 అంగుళాల చదరం గీసి, ప్రతి మూల నుంచీ ఇరువైపులా 7 అంగుళాలు తీయండి. ప్రతి పక్కా నడుమ 10 అంగుళాలు మిగులుతుంది. వాలు పలక 9.9 అంగుళాలు వస్తుంది. ఎనిమిది పలకలూ ఇంచుమించు సమానమే. చదరాన్ని పాలీలైన్‌గా గీస్తే నాలుగు మూలలూ ఒకేసారి తీయవచ్చు.

బరువు మోసే భాగంలో లోపలి మూల సంగతి వేరు. పదునైన లోపలి మూలలో ఒత్తిడి పోగుపడి, పగులు అక్కడే మొదలవుతుంది. వాలుగా తీసినా రెండు కోణాలు మిగులుతాయి. కనుక అక్కడ మూలను గుండ్రంగా మలచే 'ఫిల్లెట్' మేలు.

కంప్యూటర్ మీరు చెప్పిన అంకెను తప్పక పాటిస్తుంది. ఆ అంకె సరైనదో కాదో దానికి తెలియదు. ఈ మూల చేతికి తగిలేదా, దేనిలోనైనా దిగేదా, బరువు మోసేదా అని ముందుగా ఆలోచించండి. తరువాతనే కొలత నిర్ణయించి, బొమ్మ మీద స్పష్టంగా రాయండి. ఆ బొమ్మ చూసి యంత్రం నడిపే కార్మికుడు ఊహించుకోవలసిన అవసరం ఉండకూడదు.