పిల్లలతో బెంగుళూరులో ఫలాహారము

సదుము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములనుండి పిల్లలను వెంటబెట్టుకొని బెంగుళూరు చూడబోవువారు, లాల్‌బాగు తోటలోని గాజుమేడను, పురాతనమైన బండగుట్టను చూచి అలసిన పిమ్మట, ఆకలిగొన్న పసివారిని దూరము త్రిప్పక, ఆ తోట చెంతనేయున్న, 1924లో వెలసిన మావళ్ళి టిఫిన్ రూమునకు గొనిపోవుట మేలు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము కొఱవడగా రవ్వ ఇడ్లీ అచ్చటనే పుట్టెనని ప్రసిద్ధి. కారమునకు అలవాటుపడని లేతనాలుకలకు అది మిక్కిలి హితమైన పదార్థము.

గాంధీబజారులో 1943లో స్థాపితమైన విద్యార్థిభవనమున మసాలదోసె మందముగను, కరకరలాడుచును రుచించును గాని, ఆదివారమునాడు చాలసేపు వేచియుండవలసివచ్చును. కావున పిల్లలుగలవారు పనిదినములందు, వారి ఆకలి ముదురకమున్నే, ఉదయముననే పోవుట యుక్తము. చట్నీని వేఱుగా అడిగి పుచ్చుకొన్నచో, ఎవరికి తగినంత కారము వారికి లభించును.